పాత స్టూడియో ఫోటోల్లో బూట్ల వెనక ఆ ఇనప దిమ్మ ఏంటి?

ప్రశ్న: 1860ల నాటి పారిస్, లండన్ కార్ట్ ద విజిట్ ఫోటోలు (విజిటింగ్ కార్డంత అట్టకి అంటించిన చిన్న ఫోటోలు) చూస్తున్నాను. గుమాస్తా అయినా వ్యాపారి అయినా అదే స్తంభం, అదే తెర, నిలువెత్తు బొమ్మ. ముఖం వేలిగోరంతే. డబ్బిచ్చేవాళ్ళు ముఖం పెద్దగా పడాలనుకోరా? కొందరి బూట్ల వెనక ఇనప దిమ్మ లాంటిది కూడా కనబడుతోంది, అదేంటి?

జవాబు 1: అది తల కదలకుండా పట్టే స్టాండు అడుగుభాగం. అప్పట్లో గాజు మీద కొలోడియన్ అనే రసాయన పూత పూసి, తడి ఆరకముందే ఫోటో తీసేవారు. ఆ పలక మీద బొమ్మ పడడానికి మంచి వెలుతురులోనూ కొన్ని సెకన్లు పట్టేది. మెడ వెనక రెండు కొమ్ముల పట్టీ ఆనిస్తారు. మనిషిని మోయడానికి కాదు, తల ఊగకుండా ఉండడానికి. స్టాండు ఒరగకూడదు కాబట్టి అడుగున పోత ఇనుము. ఆడవాళ్ళ గౌను దాన్ని దాచేస్తుంది, ప్యాంటు దాచలేదు. స్తంభం, కుర్చీ వీపు కూడా అలంకారానికే కాదు, చెయ్యి ఆనించుకోడానికి.

జవాబు 2: ముఖం చిన్నదవడానికి అసలు కారణం ఖర్చు. డిస్డెరి అనే ఫోటోగ్రాఫర్ 1854లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్న పద్ధతిలో ఒకే గాజు పలక మీద చాలా బొమ్మలు పడతాయి. వాడుకలో స్థిరపడింది ఎనిమిది: నాలుగు లెన్సుల కెమెరా, సగం పలక మీద నాలుగు, పలక జరిపి మిగతా సగం మీద ఇంకో నాలుగు. పూత ఒకసారే, డెవలపింగ్ ఒకసారే. తెల్లసొన పూసిన కాగితం మీద ఒకేసారి అచ్చు తీసి, కత్తిరించి, సుమారు 64×100 మి.మీ. అట్టకి అంటిస్తే పని అయిపోయింది. అంతకుముందు ఒక్క పెద్ద పోర్ట్రెయిట్‌కి 50 నుంచి 100 ఫ్రాంకులు. ఆయన డజను 20 ఫ్రాంకులకి ఇచ్చాడు.

ఇంకోటి: కొలోడియన్‌కి నీలం వెలుగే బాగా తెలుస్తుంది. ఎర్రటి మొటిమ, గోధుమరంగు మచ్చ నల్లగా పడతాయి. ముఖం పెద్దదైతే ఎవరో కూర్చుని నెగెటివ్ దిద్దాలి, ఆ కూలి ఎవరిస్తారు? ముఖం గోరంతైతే మచ్చ కనబడదు. పైగా స్తంభం, తెర పక్కన నిలబడితే దొరల తైలవర్ణ చిత్రాల పోలిక వస్తుంది. గుమాస్తాకి కావలసిందీ అదే.

జవాబు 3: ఎనిమిదీ ఒకే భంగిమ కానక్కర్లేదు. లెన్సు మూతలు విడివిడిగా తీస్తే మార్చుకోవచ్చు. కానీ తొందర తప్పదు: పూత పూసిన పది నిమిషాల్లో ఫోటో తీసి డెవలప్ చెయ్యకపోతే పలక ఎండి అంచుల్లో మరకలు పడతాయి.

ప్రశ్న అడిగినవారు: అర్థమైంది. మరి కాలం ఎలా గుర్తుపట్టాలి?

జవాబు 3: పల్చటి అట్ట, నలుచదరపు మూలలు ఉంటే ఎక్కువగా 1870కి ముందువి. మందపాటి అట్ట, గుండ్రటి మూలలు తర్వాతవి. తర్వాతి వాటిలో ముఖం కూడా పెద్దదవుతుంది, కళ్ళ కింద పెన్సిల్‌తో దిద్దిన గుర్తులు భూతద్దంలో దొరుకుతాయి.