శనివారం కూలి సోమవారానికి ఖాళీ. ముసలితనానికి దాచించేదెలా?

ఆటోనగర్_లెక్కలు: విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్డు. 14 మంది, వయసు 24 నుంచి 44. వారానికి 5,500 దాకా, శనివారం సాయంత్రం చేతికిస్తారు. పీఎఫ్ లేదు. నెలనెలా కట్టే పోస్టాఫీసు ఆర్డీ మూడేళ్లు నిండగానే మూసేస్తున్నారు, చీటీ అయితే రెండో నెలలోనే పాడేస్తున్నారు. అరవై దాటాక ఎలాగంటే "అప్పుడు చూద్దాంలే". ఏం చెప్తే వింటారు?

పటమట_పద్దు: చెప్పడంతో అయ్యే పని కాదండీ. నెల జీతగాళ్లేమీ నిగ్రహవంతులు కారు, పీఎఫ్ ముందే కోసేస్తారు కాబట్టి నాలుగు రాళ్లు మిగులుతాయి, అంతే. మీరూ కూలిని రెండు ముక్కలు చేయండి: ఒప్పుకున్నవాళ్లకి 5,350 చేతికి, 150 అదే సాయంత్రం వాళ్ల బ్యాంకు ఖాతాకి. నాలుగు వారాలకి 600. ముప్పై ఏళ్లవాడికి ప్రభుత్వ పథకం అటల్ పెన్షన్‌లో అరవై దాటాక నెలకి 5,000 పెన్షన్‌కి నెల వాయిదా 577, సరిపోతుంది. పీఎఫ్ తప్పనిసరి అయ్యేది 20 మంది ఉంటేనే, అంతమంది లేకపోయినా యజమాని, ఎక్కువమంది పనివాళ్లు కలిసి అడిగితే పీఎఫ్‌లో చేరొచ్చు. అసలు మందు అదే.

బ్రాడీపేట_బ్యాంకు: అటల్ పెన్షన్ దెబ్బతినేది ఆటో డెబిట్ దగ్గర, అంటే ఖాతాలోంచి వాయిదా దానంతటదే కోసుకునే చోట. ఆ రోజు ఖాతా ఖాళీగా ఉంటే వాయిదా పడదు, ఆలస్యానికి వందకి నెలకో రూపాయి జరిమానా. ఏటీఎం కార్డు జేబులో ఉన్న ఖాతాకి ముడిపెడితే అంతే సంగతులు. దానికి వేరే ఖాతా పెట్టించి, కార్డు, ఫోన్‌పే లేకుండా ఉంచండి. 40 దాటినవాళ్లని చేర్చుకోరు, వాళ్లకి పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాలపు పొదుపు ఖాతా): ఏడాదికి కనీసం 500, ఏడో ఏడు దాకా తీయడానికి వీల్లేదు. ఆ తాళమే మనకి కావాల్సింది. ఇంకోటి, ధరలు ఏటా 6 శాతం పెరిగితే ముప్పై ఏళ్లకి ఆ 5,000 ఇవాళ్టి 870తో సమానం. ఒక్క అటల్ మీదే కూర్చోకూడదు.

కృష్ణలంక_ఎకనామిక్స్: ఆర్డీలు ఎందుకు మూస్తున్నారో కూడా చూడండి. అన్నీ సోకులకి కాదు, ఆసుపత్రికో, స్కూలు ఫీజుకో చేతిలో ఇంకేమీ లేక. ముందు ఆ 150నే విడిగా, ఎప్పుడైనా తీసుకునేలా వేయించండి. అది రెండు వారాల కూలి అయ్యేదాకా పెద్ద తాళాలు వద్దు. ఇక పెంచడం సంగతి. ఇవాళ్టి కూలిలోంచి ఇంకో వంద అడిగితే మొహం మాడ్చుకుంటారు, వచ్చే దసరాకి పెరిగే కూలిలో సగం అంటే ఇప్పుడే సంతకం పెడతారు. థేలర్, బెనార్ట్‌జి అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఒక కంపెనీలో ఇదే చేయించారు: 40 నెలల్లో పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6కి పెరిగింది. వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు, అయినా చాలామంది మానలేదు. సంతకాలు మాత్రం దసరా ముందర కాదు, ఇప్పుడే తీసుకోండి.