తూపిలిపాళెం తీరంలో దొరికిన నల్లటి సొర పన్ను శిలాజమేనా?

ప్రశ్న, తిరుపతి నుండి:
పెద్దలకు నమస్కారం. మొన్నటి సెలవుల్లో తూపిలిపాళెం తీరానికి వెళ్లినప్పుడు, గవ్వల మధ్య ముక్కోణపు నల్లటి పన్ను ఒకటి మా అమ్మాయికి దొరికింది. అది బొటనవేలి గోరంత ఉంది. రెండు అంచులూ తడిమితే గరుకుగా తగులుతున్నాయి, కింది భాగం గోధుమ రంగులో ఉంది. నల్లటి సొర పళ్లన్నీ లక్షల ఏళ్ల నాటివని ఏదో వీడియోలో చూసి, దానిని బడిలో శిలాజమని చూపిస్తానంటోంది. అది నిజమేనా? ఏ సొరదో తెలుసుకొనే మార్గం ఉందా?

జవాబు, చిత్తూరు నుండి:
రంగును చూసి వయసు చెప్పడం కుదరదండీ. పన్ను ఏ బురదలో పూడి ఉన్నదో, అందులోని ఇనుము, ఫాస్ఫేటు వంటి ఖనిజాలే దానికి రంగునిస్తాయి గనుక, నలుపు పన్ను ఎక్కడ పడి ఉన్నదో చెబుతుందే గాని ఎన్నాళ్లుగా ఉన్నదో చెప్పదు. ఆ వీడియోలు చాలావరకు అమెరికా తీరాలవి. అక్కడ పాత పొరలు కోసుకుపోయి పళ్లు ఒడ్డుకు చేరుతుంటాయి. మన దేశంలో ఒడిశాలోని బారిపద దగ్గర మయోసీన్ (సుమారు రెండు కోట్ల ఏళ్ల నాటి) రాతి పొరల్లోనూ, తమిళనాడులోని అరియలూరు ప్రాంతపు క్రెటేషియస్ (డైనోసార్ల కాలపు) పొరల్లోనూ సొర పళ్లు దొరికాయి. అక్కడ పొరలోనే కనబడిన పన్నుకు ఆ పొరే సాక్ష్యం. మీకు దొరికిన చోట ఉన్నది భూవిజ్ఞానం లెక్కలో నిన్నమొన్నటి ఇసుక. పైగా సొర తన జీవితకాలంలో వేల పళ్లు రాలుస్తుంది. కాబట్టి రుజువు దొరికేవరకూ ఇది ఇటీవలి పన్నే అనుకోవడం న్యాయం.

మరో జవాబు, తిరుపతి నుండి:
రకం సంగతి చెబుతాను. అంచులు గరుకుగా ఉన్నాయని మెగలొడాన్, అంటే అంతరించిపోయిన రాకాసి సొర, అనుకోవద్దు. దాని పళ్లలో కిరీటానికీ (పైకి కనబడే భాగం) వేరుకూ మధ్య వెడల్పయిన పట్టీ ఒకటి ఉంటుంది, పెద్దవి 18 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. పులి సొర పన్ను కోడిజుట్టులా పక్కకు వంగి, ఒక వైపు లోతైన గాటుతో ఉంటుంది. వెడల్పయిన ముక్కోణమై, అంచుల్లో సన్నని నొక్కులుంటే అది కార్కారైనస్ అనే వర్గపు సొర పైదవడ పన్ను కావచ్చు. ఆ వర్గంలో చాలా సొరలకు కిందిదవడ పళ్లు సన్నగా ఉంటాయి గనుక, ఒకే చేపవి రెండు చేపలవిగా కనిపించి చాలామంది పొరబడతారు. మీ పన్ను వంగి ఉందా?

అడిగినవారు:
లేదండీ, నిటారుగానే ఉంది. గాటు ఏమీ కనబడలేదు. కాల్చిన సూదిని ఆనిస్తే తెలిసిపోతుందని మా బావగారు అంటున్నారు, చేయమంటారా?

జవాబు, తిరుపతి నుండి:
అయితే కార్కారైనస్ వర్గమే అనిపిస్తోంది; ఒక్క పన్నుతో జాతి పేరు తేల్చడం మాత్రం కష్టం. సూది వద్దండీ. తాజా పన్నయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది నిజమే గాని, వాసన రానంత మాత్రాన అది శిలాజమైపోదు, పన్ను మాత్రం పాడవుతుంది. వెనిగర్, నిమ్మరసం కూడా తగిలించకండి. పన్ను ఫాస్ఫేటు ఖనిజం, ఆమ్లానికి కరుగుతుంది. మంచినీటిలో కడిగి, నీడలో ఆరబెట్టి, స్కేలు పక్కన పెట్టి రెండు వైపులా ఫోటో తీయండి. వాటితో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని భూవిజ్ఞాన శాఖలో అడిగి చూడవచ్చు. అన్నట్టు, తిరుమల కొండ రాళ్లలో ఇలాంటివి వెదకాలని పాపకు ఆశ పుడితే ముందే చెప్పేయండి: ఆ కొండలోని క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి చేపలు పుట్టకముందే ఏర్పడింది. బడిలో చూపించడానికేమీ అభ్యంతరం లేదు; చీటీ మీద శిలాజమని కాకుండా సొర పన్ను, తూపిలిపాళెం అని, దొరికిన తేదీతో సహా రాయించండి.