సునాబెడా చలి, బాత్రూంలో గ్యాస్ గీజర్: ఈ ఇల్లు తీసుకోవచ్చా?

విజయనగరం నుంచి బదిలీపై వస్తున్న ఉద్యోగి:
అందరికీ నమస్కారం. జనవరిలో ఒడిశా కొండల్లో ఉన్న సునాబెడాలో చేరాలి. అమ్మ, నా భార్య, చంటిపాప కూడా వస్తున్నారు. చూసిన ఇంట్లో గ్యాస్ గీజర్ బాత్రూం లోపలే ఉంది. చలికి రాత్రిళ్ళు గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే చాలని ఓనరుగారు అన్నారు. రూమ్ హీటర్ కొనడం అవసరమా?

జయపురం పెద్దాయన:
బాబూ, ముందు అగ్రిమెంటు చూసుకో. పదకొండు నెలలకే రాస్తారు. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, గీజరు అన్నీ అందులో రాయించు, లేకపోతే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతలు పెడతారు. సామాన్ల లారీని సాలూరు ఘాట్ మీదుగా పగటిపూటే ఎక్కించు. సుంకి దగ్గర పొగమంచు పడితే ఎదుటి బండి కనబడదు. కుంపటికి భయపడక్కర్లేదు. పక్కన గిన్నెతో నీళ్ళు పెట్టుకుని పడుకో.

సెమిలిగుడ అక్క:
తమ్ముడూ, ఆ ఇంట్లో గీజరు బయటికి మార్చేదాకా దిగకు. మా ఆడపడుచు విషయంలో జరిగింది చెప్తాను. మేమున్న అద్దింట్లో బాత్రూంకి ఉన్నది ఒకటే వెంటిలేటర్. చలిగాలి వస్తోందని ఓనరే దానికి ప్లైవుడ్ ముక్క కొట్టించి అంచులకి టేపు అంటించాడు. గీజరు పైన గోడంతా మసి. మంట నీలంగా కాక పసుపుపచ్చగా వచ్చేది. మనిషిని పంపమని మావారు అడిగితే, "నీళ్ళు వేడెక్కుతున్నాయిగా, ఇంకేం కావాలి?" అన్నాడు.

ఆ అమ్మాయి తలంటు పోసుకోవడానికి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది, పిలిస్తే పలకలేదు. మావారు గడియ విరగ్గొట్టారు. నేల మీద పడి ఉంది. బయటికి లాక్కొచ్చి వరండాలో పడుకోబెట్టాం. వేలికి ఆక్సీమీటర్ పెడితే 98 చూపించింది! అది చూసి ఓనరు "గ్యాస్ లేదు, ఏం లేదు, బీపీ పడిపోయి ఉంటుంది" అని తేల్చేశాడు. ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "మీది గ్యాస్ గీజరా?" వెంటనే మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. దేవుడి దయవల్ల కోలుకుంది. గీజరు మార్చమంటే ఓనరు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళలో ఏ అద్దెవాళ్ళూ కంప్లైంట్ చేయలేదని వాదించాడు. ఆ నెలే ఖాళీ చేశాం. అడ్వాన్సు సగమే వచ్చింది.

రాయగడ నర్సు:
అక్క చెప్పిన 98 సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. గాలి చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. అలా నిండిన రక్తాన్ని కూడా ఆక్సీమీటర్ మామూలుగానే చూపిస్తుంది. రక్తపరీక్షలోనే తేలుతుంది. జ్వరం లేకుండా తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతుంటే అనుమానించాలి. మందుబిళ్ళ వేసి పడుకోబెట్టకండి. అందరూ బయటికి వచ్చి 108కి ఫోన్ చేయండి. పసిపిల్లలకీ, గర్భిణులకీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళకీ ఇంకా ప్రమాదం.

జయపురం పెద్దాయన:
మా నాన్నగారి కాలం నుంచీ కుంపటి పెట్టుకునే పడుకున్నాం తల్లీ. ఎవరికీ ఏమీ కాలేదు.

దమన్‌జోడి రిటైర్డ్ ఇంజినీరు:
అప్పటివి పెంకుటిళ్ళు మాస్టారూ. కప్పు సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పుడు స్లాబు ఇళ్ళు, బిగుతైన కిటికీలు. పొగ ఆగి ఎర్రగా కణకణలాడే బొగ్గుల నుంచి కూడా ఈ వాయువు వస్తూనే ఉంటుంది, దానికి వాసనా రంగూ ఉండవు. సిలిండర్ లీకైతే వచ్చే వాసన కంపెనీవాళ్ళు కావాలని కలిపింది. గిన్నెలో నీళ్ళు దీన్ని ఆపలేవు.

బాబూ, కరెంటు హీటరు కొను. 2000 వాట్లదైతే 16 ఆంపియర్ల ప్లగ్గుకే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి వద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా కొని సీలింగుకి బిగించు. వేడిగాలితో పైకే పోతుంది కదా.

రాయగడ నర్సు:
సీలింగుకే అనే నియమం లేదండీ. అది గాలికంటే కాస్త తేలికే కానీ గదంతా కలిసిపోతుంది. పడకగదుల దగ్గర, నిద్రలో కూడా మోత వినబడేలా, కంపెనీవాళ్ళు చెప్పిన ఎత్తులో పెట్టాలి.

దమన్‌జోడి రిటైర్డ్ ఇంజినీరు:
ఎత్తు విషయంలో మీ మాటే ఉంచుదాం. కానీ షాపులో ఎల్పీజీ లీక్ అలారం చేతిలో పెట్టి ఇదీ అదీ ఒకటే అంటారు, తీసుకోవద్దు. అది వంటగ్యాస్‌నే పసిగడుతుంది. పెట్టె మీద కార్బన్ మోనాక్సైడ్ అని ఉండాలి. వెనక గడువు తేదీ కూడా చూడాలి, లోపలి సెన్సరు కొన్నేళ్ళకి అరిగిపోతుంది.

విజయనగరం నుంచి బదిలీపై వస్తున్న ఉద్యోగి:
అందరికీ ధన్యవాదాలు. ఓనరుగారికి ఇప్పుడే ఫోన్ చేశాను. గీజరుని వెనక వరండా గోడకి మారుస్తామన్నారు.

సెమిలిగుడ అక్క:
మంచిది తమ్ముడూ. ఆ వరండాకి అద్దాలు బిగించి మూసేశారేమో చూడు, మూసేస్తే మళ్ళీ అదే కథ. నలువైపులా గాలి ఆడాలి. పొగ వెళ్ళే దారి పక్కింటివాళ్ళ కిటికీ కిందికి ఉండకూడదు. ప్లంబరు గోడకి రంధ్రం వేసేటప్పుడు నువ్వే దగ్గరుండు.