పట్టుకున్న మర్నాడే దుప్పి ఎందుకు కూలబడుతుంది?

ప్రశ్న:
విజయనగరం దగ్గర, అటవీ శాఖ అప్పగించిన చుక్కల దుప్పులను చూసుకునే చిన్న కేంద్రంలో నేను సహాయకుడిని. కుక్కకాటు గాయం దాదాపు మానిన దుప్పి, మందు వేయడానికి పట్టుకున్న మర్నాడే కాళ్లు బిగుసుకుని కూలబడింది. మేతలో లోపమేమైనా ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
లోపం మేతది కాకపోవచ్చునండి. భయంతో విపరీతంగా పెనుగులాడిన దుప్పి కండరాలలో ఆమ్లం పేరుకుని కణజాలం దెబ్బతింటుంది. ఆ వ్యర్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను పాడుచేయడం వల్ల, కొన్ని గంటలకో కొన్ని రోజులకో ప్రాణం పోవచ్చు. మూత్రం ముదురు గోధుమ రంగుకు మారితే అనుమానించాలి. ఒకసారి ముదిరితే చికిత్సకు లొంగడం చాలా అరుదు కనుక నివారణే ముఖ్యం: ఎండ పెరగకముందే, పశువైద్యుల సమక్షంలో, కళ్లకు గుడ్డ కట్టి, మాటల సందడి లేకుండా పట్టాలి. తరిమి పట్టడం మాత్రం వద్దు.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయినా మేత గురించి ఒక మనవి: ఆవులకు పోసినట్టు అన్నం కలిపిన కుడితి దుప్పులకు పోయకండి. నెమరువేసే ఈ జీవుల కడుపులో పిండిపదార్థం ఒక్కసారిగా పులిస్తే అదీ ప్రాణాంతకమే. పచ్చగడ్డి, రావి ఆకులు, నీడలో మంచినీళ్లు సరిపోతాయి.

మూడవ జవాబు:
కొమ్ములు గట్టిపడిన మగ దుప్పులను గాయపడినవాటితో కలపకండి, పొడుస్తాయి.