రాత్రి పది దాటితే ఫోన్‌లో వైఫై ఉంటుంది, నెట్ ఉండదు. ల్యాప్‌టాప్ మాత్రం బాగానే ఉంది

రాత్రిడ్యూటీ
నాలుగు రోజులుగా నరకం చూస్తున్నా. రాత్రి పది కాగానే వైఫై గుర్తు పక్కన చిన్న ఆశ్చర్యార్థకం పడుతుంది. సిగ్నల్ నిండుగా ఉంటుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. అదే గదిలో ల్యాప్‌టాప్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఫోన్ కొత్త ఆండ్రాయిడ్. పాత ఫోన్‌కి ఈ గొడవ ఎప్పుడూ లేదు. రూటర్ ఆపి ఆన్ చేశా, ఫర్గెట్ కొట్టి పాస్‌వర్డ్ మళ్లీ ఇచ్చా. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు (వైఫై నడిచే రెండు రేడియో దారులు) రెండూ ఒకే పేరుతో ఉన్నాయి. ఇంకొకటి, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో పాట తెగితెగి వస్తోంది, దానికీ దీనికీ సంబంధం ఉందా? నా పని రాత్రిపూటే. తెలిసినవాళ్లు చెప్పండి.

మేడమీదగది
ఒకే పేరు పెట్టారు కదా, జబ్బు అక్కడే ఉంది. రెండు పేర్లుగా విడగొట్టండి. నేను ఆరు నెలలు పడ్డ బాధ ఇది. కింద 5కి కలిసిన ఫోన్, నేను మేడెక్కాక సిగ్నల్ చచ్చిపోతున్నా దాన్నే పట్టుకుని వేలాడేది. 2.4కి వేరే పేరు పెట్టి దానికే కలిపా. అప్పటినుంచి ఒక్క కాల్ తెగలేదు.

పాతరేడియో
విడగొట్టొద్దు. పదకొండేళ్లుగా ఆఫీసులకు వైఫై వేసే పని నాది, అనుభవంతో చెబుతున్నా. ఏ బ్యాండ్‌కి కలవాలో తేల్చుకునేది ఫోనే, రూటర్ సూచన మాత్రమే ఇవ్వగలదు. పేరు ఒకటే ఉంటే ఫోన్‌కి మారే దారి ఉంటుంది. మీరు చేసింది ఆ దారి మూసేయడం. పైగా 2.4 బ్యాండ్‌ను ఛానెళ్లనే ముక్కలుగా చేస్తారు, వాటిలో ఒకదాని మీద ఒకటి పడనివి మూడే, 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్లన్నీ వాటికోసమే కొట్టుకుంటాయి. అందరూ ఇళ్లకు చేరే రాత్రివేళ మనిషిని అక్కడికే తోస్తారా?

మేడమీదగది
పదకొండేళ్లు కాదు, ముప్పై ఏళ్లు చేయండి. నా మేడమీద 5 రాదు. గోడలు రెండు, మధ్యలో స్లాబు. ఫోన్ తానే మారుతుందని మీలాంటివాళ్లు చెప్పిన మాట నమ్మే ఆరు నెలలు పోగొట్టుకున్నా. మారలేదు. నా ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు.

చిన్నమ్మలు
ఎవరూ ‘రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’ నొక్కొద్దు! నాకూ ఇలాగే వైఫై రాకపోతే ఒకాయన అదే నొక్కమన్నారు. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు అన్నీ పోయాయి, బ్లూటూత్‌లో కలిపినవన్నీ పోయాయి. ఫొటోలు పోవు అన్నారు తప్ప ఇవి పోతాయని ముందు ఒక్క మాట చెప్పలేదు. ఇంకా మండుతూనే ఉంది.

ఛానెల్మూడు
1, 6, 11 అని అందరూ చదివిందే చెబుతారు. ఆ మూడూ కిక్కిరిసి ఉన్నాయని నేను 3లో పెట్టుకున్నా, హాయిగా ఉంది.

పాతరేడియో
హాయిగా ఉన్నట్టు మీకు అనిపిస్తోంది, అంతే. ఛానెల్‌కీ ఛానెల్‌కీ ఎడం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో రూటర్ వాడేది కనీసం 20. కాబట్టి 3లో ఉంటే అటు 1 మీదా, ఇటు 6 మీదా పడతారు. ఒకే ఛానెల్‌లో ఉన్నవాళ్లు ఒకరి మాట ఒకరు విని, వంతు ఆగి మాట్లాడుకుంటారు. సగం సగం పడితే ఆ మాట సరిగా వినబడదు, రొద మాత్రమే చేరుతుంది. మీవల్ల మీకే కాదు, పక్కింటివాళ్లకీ నష్టం.

ఛానెల్మూడు
పక్కింటివాళ్ల నెట్ పాడుచేశానని నన్ను అంటున్నారా? మాట జాగ్రత్త. నా ఇంట్లో వేగం కొలిచే చూసుకున్నా.

పాతరేడియో
ఎన్ని గంటలకు కొలిచారు? మధ్యాహ్నం కొలిస్తే ఎవరికైనా బాగానే వస్తుంది. రాత్రి తొమ్మిదికి కొలిచి చెప్పండి.

మబ్బుతునక
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా 5 పేరు అప్పుడప్పుడు ఫోన్‌లో మాయమై, కాసేపటికి దానంతటదే వస్తుంది. ఫోన్ తప్పా?

పాతరేడియో
ఫోన్‌ది కాదు. రూటర్ 52 నుంచి 144 మధ్య ఛానెల్‌లో ఉండి ఉంటుంది. వాటిని రాడార్లు కూడా వాడతాయి. రాడార్ తగిలిందనుకుంటే రూటర్ వెంటనే ఆ ఛానెల్ వదిలేయాలి. కొత్తదీ అలాంటిదే అయితే కనీసం ఒక నిమిషం విని చూశాకే మొదలుపెట్టాలి. 36, 40, 44, 48లలో ఒకటి పెట్టి చూడండి.

ఆకుపచ్చదీపం
అసలు మనిషిని అందరూ వదిలేశారు. రాత్రిడ్యూటీ గారూ, ల్యాప్‌టాప్‌కి నెట్ వస్తోందంటే బయటి లైన్ బాగుంది. సిగ్నల్ నిండుగా ఉందంటే బ్యాండ్ గొడవా కాదు. ఈరోజు పది దాటాక ఫోన్ బ్రౌజర్‌లో రూటర్ సెట్టింగ్స్ పేజీ తెరవండి, చాలావాటికి దాని అడ్రస్ 192.168.1.1 లేదా 192.168.0.1. అది తెరుచుకుంటే ఫోన్‌కీ రూటర్‌కీ మధ్య అంతా సరిగ్గా ఉన్నట్టే, అడ్డు ఆ తర్వాత ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ (సైట్ పేరును దాని అడ్రస్‌గా మార్చే సేవ) దగ్గర ఏదైనా పేరు రాసి ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి.

ఇంకో ముఖ్యమైన మాట. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్ ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రస్ (రూటర్ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) చూపిస్తుంది. ఐఫోన్లలో 2020లో ఐఓఎస్ 14తో మొదలైంది. మ్యాక్‌లో రెండో స్థానంలో 2, 6, A, E లలో ఒకటి ఉంటే అది కల్పితమే. రూటర్‌లో పరికరాల వారీగా ఏదైనా రూల్ పెట్టి ఉంటే కొత్త ఫోన్ దానికి పరాయిదే. సరిగ్గా పదికే ఆగుతోందంటే నా అనుమానం దానిమీదే.

చిన్నమ్మలు
ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రీసెట్ నొక్కేదాన్నే కాదు.

మేడమీదగది
మ్యాక్ సంగతి సరే, బ్యాండ్ విడగొట్టడం తప్పని ఇంకా ఎవరూ రుజువు చేయలేదు.

రాత్రిడ్యూటీ
ఆకుపచ్చదీపం గారూ, మీకు దండం. పది దాటాక కూడా రూటర్ పేజీ తెరుచుకుంది. పేరెంటల్ కంట్రోల్‌లో, రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు లిస్టులో లేని పరికరాలకు నెట్ ఆపమని రూల్ ఉంది. పిల్లల కోసం రెండేళ్ల కిందట నేనే పెట్టా. లిస్టులో నా పాత ఫోన్ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది, కొత్త ఫోన్ లేదు. ఇప్పుడు చేర్చా, వెంటనే నెట్ వచ్చింది. ఇది ఆ ఫోన్ నుంచే రాస్తున్నా. ఇయర్‌బడ్స్ సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆకుపచ్చదీపం
సంతోషం. ఆ వైఫైకి మ్యాక్ సెట్టింగ్ ఇక మార్చకండి, మారితే లిస్టులో మళ్లీ పరాయిదవుతుంది. ఇయర్‌బడ్స్‌ది వేరే కథ. బ్లూటూత్ కూడా 2.4లోనే నడుస్తుంది. ఫోన్ వైఫైని 5కి కలిపి, ఫోన్ వెనక జేబులోంచి తీసి బల్లమీద పెట్టి పాట వినండి. ఒంట్లో నీరు ఆ తరంగాలను బాగా మింగేస్తుంది.

రాత్రిడ్యూటీ
రెండూ చేశా. గంట నుంచి ఒక్కసారి కూడా తెగలేదు.

పాతరేడియో
చూశారా, 5కి వెళ్లాకే కుదిరింది.

మేడమీదగది
ఆయన రూటర్ ఉన్న గదిలో కూర్చున్నారు. మేడమీదకి వెళ్లి విని చెప్పమనండి.

ఛానెల్మూడు
పాతరేడియో గారూ, రాత్రి తొమ్మిదికి కొలిచా. మధ్యాహ్నం వచ్చిన దాంట్లో సగం కూడా రాలేదు. 11కి మార్చా, రేపు అదే వేళకి మళ్లీ కొలుస్తా.