‘వర్ణవివక్ష’ అన్న మాట మండేలా కథకు సరిపోతుందా?

ప్రశ్న:

ఎనిమిదో తరగతి పిల్లల కోసం నెల్సన్ మండేలా జీవితం మీద ఒక చిన్న పాఠం రాస్తున్నాను. “ఆయన వర్ణవివక్షకు వ్యతిరేకంగా పోరాడారు” అన్న వాక్యం దగ్గర ఒక అమ్మాయి లేచి, “టీచర్, దక్షిణాఫ్రికాలో కూడా నాలుగు వర్ణాలు ఉండేవా?” అని అడిగింది. నవ్వి ఊరుకోలేకపోయాను. ఈ మాటనే ఉంచాలా, ఇంతకంటే తగిన మాట ఏదైనా ఉందా? పెద్దలు చెప్పగలరు.

జవాబు:

అమ్మా, ఆ పిల్ల వేసిన ప్రశ్న మనం ఇన్నేళ్లూ వేసుకోనిది. సంస్కృతంలో ‘వర్ణం’ అంటే రంగు, అక్షరం, చాతుర్వర్ణ్యంలోని వర్ణం కూడా. పత్రికల వాళ్లు రంగు అన్న అర్థంలోనే ‘వర్ణవివక్ష’ వాడుతున్నా, తెలుగు చెవికి ముందుగా తగిలేది మూడో అర్థమే. పోనీ ‘జాతివివక్ష’ అందామంటే, ‘జాతీయగీతం’లో ఉన్నదీ ఆ జాతే, పల్లెలో “ఏ జాతివాడివి?” అని అడిగేటప్పుడు ఉన్నదీ ఆ జాతే కాబట్టి చిక్కు తీరదు.

ఇక ‘వివక్ష’. “వక్తుమిచ్ఛా వివక్షా”: చెప్పాలనే కోరిక అని దీని అసలు అర్థం. “వివక్షాతః కారకాణి భవన్తి” అని వ్యాకరణం చదివినవారు అప్పజెప్పే మాటలో ఉన్నది ఈ అర్థమే; వక్త ఏమి చెప్పదలచాడో దాన్ని బట్టే కారకం (వాక్యంలో పదానికి క్రియతో ఉండే సంబంధం) ఏర్పడుతుందని దాని భావం. ఆ మాటకు తెలుగులో పక్షపాతం, తేడాగా చూడటం అన్న అర్థం ఎలా వచ్చిందో గాని, ‘విచక్షణ’ నీడ దీని మీద పడిందేమోనని నా అనుమానం. వాడుకలో స్థిరపడిన అర్థాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కాని ఆ అర్థం మనిషి మనసులోని తీరును చెబుతుంది. మండేలా ఎదుర్కొన్నది మనసులో తీరు ఒక్కటే కాదు.

అక్కడి పాలకులు తమ విధానానికి పెట్టుకున్న పేరు ఆఫ్రికాన్స్ భాషలోనిది: ‘అపార్ట్’ అంటే వేరుగా, ‘హేట్’ అనేది మన ‘తనం’ లాంటి ప్రత్యయం. రెండూ కలిస్తే ‘అపార్ట్‌హేట్’, అంటే వేరుతనం. (మనం దీన్ని ‘అపార్థీడ్’ అని ‘థ’ ఒత్తు పెట్టి రాయడం పొరపాటు. టకారం మొదటి ముక్కది, హకారం రెండో ముక్కది. ఆ రెంటికీ పొత్తు లేదు.) 1948లో తెల్లవారి నేషనల్ పార్టీ ఈ మాటతోనే ఎన్నికల్లో గెలిచి, 1950లో జనాభా నమోదు చట్టం తెచ్చి, ప్రతి మనిషి పేరు ఎదుట ఒక వర్గం రాయించింది. చమత్కారం ఏమిటంటే, ఆ చట్టం జనాన్ని చివరకు విభజించింది నాలుగు గడులుగానే: తెల్లవారు, నల్లవారు, మిశ్రమ సంతతివారు, భారతీయులు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీల మనుమలూ మునిమనుమలూ ఈ నాలుగో గడిలో పడ్డారు.

గడి మారితే ఏమి మారేదో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1964 జూన్‌లో మండేలాను, ఆయన సహచరులను యావజ్జీవ ఖైదీలుగా రాబెన్ ద్వీపానికి తీసుకువెళ్లారు. ఒకే కేసు, ఒకే శిక్ష. అయినా భారతీయ సంతతివాడైన అహ్మద్ కత్రడాకు పొడుగు ప్యాంటు ఇచ్చారు. ఆయన కంటే పదకొండేళ్లు పెద్దవారైన మండేలాకు నిక్కరు ఇచ్చారు, ఎందుకంటే నల్లవాడు ఎంత వయసు వచ్చినా వాళ్ల లెక్కలో ‘బాయ్’ మాత్రమే. కత్రడాకు రొట్టె ఉండేది, మండేలాకు ఉండేది కాదు. ఇక్కడ ఏ వార్డరు మనసులో ఏమున్నదో మనకు అనవసరం. అతను దయగలవాడైనా ఆ నిక్కరే ఇవ్వాలి, ఎందుకంటే అది నియమం. ‘వివక్ష’ అన్న మాటలో ఈ నియమం కనిపించదు.

పొరుగు భాషల్లో హిందీవారు ‘రంగభేద్’ అంటారు, తమిళులు ‘నిఱవెఱి’ అంటారు, కన్నడిగులు ‘వర్ణభేద నీతి’ అంటారు. చివరిదానిలో ‘నీతి’ అంటే విధానం కాబట్టి, కన్నడిగులే అసలు సంగతికి దగ్గరగా వెళ్లారని నాకు అనిపిస్తుంది. నన్నడిగితే ‘వేరుంచడం’ అన్న అచ్చతెలుగు మాటే ఇక్కడ పనికివస్తుంది. ‘వేర్పాటు’ అనవచ్చును గాని, అది మన దగ్గర రాష్ట్రాల ఉద్యమాల గొడవలో ‘వేర్పాటువాదం’గా మారి, తానే విడిపోయేవాడిని సూచించడానికి అలవాటుపడింది.

మరొకరి మాట:

గురువుగారూ, మీతో ఒక చోట విభేదిస్తున్నాను. ‘వేరుతనం’ అన్నది ఆ పాలకులు కావాలని ఎంచుకున్న మెత్తని మాట. వారి ప్రధాని వెర్‌వూర్డ్ ఆ విధానాన్ని మంచి ఇరుగుపొరుగుతనమని వర్ణించాడు. మనం దాన్ని యథాతథంగా తెలుగు చేస్తే, వాళ్ల ముసుగును మళ్లీ తొడిగినట్లు కాదా? ‘వివక్ష’లో కనీసం అన్యాయం అన్న తీర్పు ఉంది.

జవాబు:

మీ మాటలో బలం ఉంది, ఒప్పుకుంటున్నాను. ఆ పాలకుల మాటల తీరు ఎటువంటిదంటే, నల్లవారందరి మీదా పాసు పుస్తకం (ఎప్పుడూ వెంట ఉంచుకోవలసిన అనుమతి పుస్తకం) రుద్దిన 1952 నాటి చట్టం పేరులోనే ‘పాసుల రద్దు’ అని ఉంది. నల్ల విద్యార్థులకు తెల్లవారి విశ్వవిద్యాలయాల తలుపులు మూసిన 1959 నాటి చట్టం పేరు ‘విశ్వవిద్యాలయ విద్యా విస్తరణ’. జనం మాత్రం ఆ పుస్తకాన్ని ‘డొంపాస్’ అన్నారు, అంటే మొద్దు పాసు. తీర్పు చెప్పే మాట కావాలంటే నాకు ‘వివక్ష’ కంటే ఇదే నచ్చుతుంది.

కాని ‘వివక్ష’తో ఇంకో చిక్కు ఉంది. 1952 జూన్ 26న మొదలైన ఉద్యమానికి మండేలా ప్రధాన వాలంటీరు. దాని పేరే అన్యాయ చట్టాల ధిక్కారం. నల్లవాళ్లు తెల్లవారి గుమ్మంలోంచి రైల్వే స్టేషన్‌లోకి కావాలని నడిచారు, ఎనిమిది వేలకు పైగా జనం అరెస్టయ్యారు. ధిక్కరించడానికి ఎదురుగా ఒక చట్టం ఉండాలి. ఒకరి చిన్నచూపును ఎవరూ ధిక్కరించి జైలుకు పోలేరు. పాఠంలో చట్టం అన్న మాట లేకపోతే, ఆయన ఎందుకు జైలుకు వెళ్లారో పిల్లలకు అర్థం కాదు.

కాబట్టి అమ్మా, ఆ వాక్యాన్ని నేనయితే ఇలా రాస్తాను: “1948 నుంచి దక్షిణాఫ్రికా ప్రభుత్వం మనుషులను రంగును బట్టి చట్టం పెట్టి వేరుంచింది. ఈ అన్యాయ విధానాన్ని అపార్ట్‌హేట్ అంటారు. దానిని ఎదిరించినందుకు మండేలా 1990 వరకు 27 ఏళ్లు జైలులో గడిపారు.” ‘అన్యాయ’ అన్న మాట పైన అభ్యంతరం చెప్పినవారి కోసం చేర్చాను. ఆ అమ్మాయికి మాత్రం “అవునమ్మా, అక్కడా నాలుగే” అని చెప్పి, నిక్కరు సంగతి వినిపించండి.