‘జెపర్డీ!’లో జవాబుకు ప్రశ్న రూపం: నియమం ఎంతవరకు, తెలుగులో ఎలా?

తంగేడు

అమెరికా టీవీ క్విజ్ ‘జెపర్డీ!’లో జవాబును ప్రశ్నగా మలిచి చెప్పాలి. బోర్డు మీద ‘1804లో బయల్దేరిన లూయిస్, క్లార్క్ యాత్రను పంపిన అధ్యక్షుడు’ అని పడితే ‘హూ ఈజ్ జెఫర్సన్?’ అనాలి. ఇక్కడ ప్రశ్న, జవాబు చక్కగా అతికాయి. ‘1867లో అమెరికా ఈ భూభాగాన్ని రష్యా నుంచి 72 లక్షల డాలర్లకు కొన్నది’ అని పడితే? ‘వాట్ ఈజ్ అలాస్కా?’ అనాలి. అలాస్కా గురించి ఎవరైనా అడిగితే ‘అమెరికా ఈ భూభాగాన్ని కొన్నది’ అని బదులివ్వం కదా. మరి ఈ నియమం చూసేది వ్యాకరణాన్నా, పైరూపాన్నా? మనిషి పేరుకు ‘హూ’ బదులు ‘వాట్’ అంటే తప్పవుతుందా? ఈ షో మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను, అందులో ఆ ‘వాట్ ఈజ్’ని ఏం చేయాలి?

మొగలిరేకు

తంగేడు గారూ, నియమం చూసేది పైరూపాన్నే. జవాబు ప్రశ్న రూపంలో ఉండాలి, అంతే. వ్యాకరణం కుదరాలని ఎక్కడా లేదు. మనిషికి ‘వాట్’ అన్నా ఒప్పే, బహువచనానికి ‘ఈజ్’ అన్నా ఒప్పే. 2021లో వరసగా 38 ఆటలు గెలిచిన మ్యాట్ అమోడియో మనిషైనా, ఊరైనా, పుస్తకమైనా అన్నిటికీ ‘వాట్స్’ అనే మొదలుపెట్టాడు. ఏ ప్రశ్నపదం వాడాలా అని ఆలోచించే పని ఉండదని అతని లెక్క. చాలామంది ప్రేక్షకులకు చెవిలో గుచ్చుకుంది గానీ నిర్వాహకులు అది నియమానికి లోబడే ఉందన్నారు. ‘ఈజ్ ఇట్ అలాస్కా?’ అన్నా చెల్లుతుంది. పేరులోనే ప్రశ్న ఉన్న పుస్తకం, ‘వేర్ ఈజ్ వాల్డో?’ లాంటిది, జవాబైతే ముందు ఇంకేమీ తగిలించక్కర్లేదు.

మీరు చూపిన అతకని చోటుకు కారణం క్లూలో ఉన్న ‘ఈ’. ఇంగ్లీషు క్లూలు చాలావరకు ‘దిస్ సిటీ’, ‘దిస్ మ్యాన్’, ‘హి’, ‘ఇట్’ అనే మాటల చుట్టూ అల్లుతారు. ఆ ‘దిస్’ ఒక ఖాళీ గడి. దాన్ని తీసి ‘విచ్’ పెడితే మామూలు క్విజ్ ప్రశ్న బయటపడుతుంది: ‘అమెరికా ఏ భూభాగాన్ని రష్యా నుంచి కొన్నది?’ అంటే బోర్డు మీద ఉన్నది ముసుగేసుకున్న ప్రశ్న, ఆటగాడు చెప్పేది ముందు రెండు మాటలు తగిలించుకున్న మామూలు జవాబు. అయినా షోలో బోర్డు మీది వాక్యాన్ని ఆన్సర్ అనీ, ఆటగాడు చెప్పేదాన్ని క్వశ్చన్ అనీ అనడం ఆనవాయితీ. తెలుగులో రాసేవాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు దింపితే పాఠకుడు తికమకపడతాడు. ‘క్లూ’, ‘జవాబు’ అన్నవే నయం.

కలనేత

ఈ తలకిందుల పద్ధతి ఎందుకొచ్చిందో కూడా రాయండి. 1950ల చివర్లో అమెరికాలో కొన్ని క్విజ్ షోలు పోటీదారులకు జవాబులు ముందే అందించాయని బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాత ‘జెపర్డీ!’ని సృష్టించిన మెర్వ్ గ్రిఫిన్ కొత్త క్విజ్ కోసం వెతుకుతుంటే, ఆయన భార్య జూలాన్ ‘జవాబులు మనమే ఇచ్చేసి వాళ్లను ప్రశ్నలు అడగమందాం’ అన్నారు. ‘5,280’ అని ఆవిడ అంటే ‘మైలుకు ఎన్ని అడుగులు?’ అని ఆయన. ఈ జంట మాత్రం అన్ని విధాలా సరైన ప్రశ్నా జవాబే, ‘దిస్’ ఆసరా లేనిది. మొదట అనుకున్న పేరు ‘వాట్స్ ద క్వశ్చన్?’. 1964 మార్చి 30న ఎన్‌బీసీలో మొదలైంది.

ఏకవాక్యం

నియమం ఒకటే అయినా దాన్ని అమలుచేసే తీరు రౌండును బట్టి మారుతుంది. తెలుగులో రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మొదటి రౌండులో ఆటగాడు ఉత్త ‘అలాస్కా’ అంటే డబ్బు కోయరు. ఇకమీద రూపం మరవొద్దని హోస్ట్ గుర్తుచేసి ముందుకు పోతాడు. రెండో రౌండు ‘డబుల్ జెపర్డీ’లో ఆ దయ ఉండదు. హోస్ట్ తీర్పు చెప్పేలోగా ఆటగాడు తనంతట తాను సర్దుకుని ‘వాట్ ఈజ్ అలాస్కా?’ అంటే బతికిపోయినట్టు, లేకపోతే తప్పే. డైలీ డబుల్ (ఎంచుకున్న ఆటగాడొక్కడే పందెం కాసి జవాబు చెప్పే క్లూ) మొదటి రౌండులో వచ్చినా ఇదే కచ్చితం.

ఆ కచ్చితం ఖరీదెంతో చూడండి. రెండో రౌండు క్లూలు 400 నుంచి 2,000 డాలర్ల దాకా ఉంటాయి. 2,000 క్లూలో రూపం మరిచినవాడికి రావలసిన 2,000 రాదు, ఉన్నదాంట్లోంచి ఇంకో 2,000 పోతుంది. అంటే 4,000 తేడా. పైగా అసలు జవాబు అందరూ విన్నారు, పక్కవాడు బజర్ నొక్కి అదే మాటను ప్రశ్నగా చెప్పి ఆ 2,000 పట్టుకుపోవచ్చు.

ఆఖరి రౌండు ‘ఫైనల్ జెపర్డీ’ రాతలో ఉంటుంది, 30 సెకన్లు. ప్రశ్న రూపంలో రాయకపోతే తప్పు. అందుకే క్లూ చూపించకముందే, విరామంలో, ‘హూ ఈజ్’ రాసుకోవాలో ‘వాట్ ఈజ్’ రాసుకోవాలో సిబ్బంది చెప్పి రాయిస్తారు. అర నిమిషం మొత్తం అసలు జవాబుకే మిగులుతుంది.

తంగేడు

రాతలో స్పెల్లింగ్ తప్పితే?

ఏకవాక్యం

అక్షరాలు తప్పినా పలికితే అదే మాట రావాలి. ధ్వని పెరిగినా తగ్గినా చెల్లదు. 2013లో పిల్లల పోటీలో ఒక అబ్బాయి ‘ఎమాన్సిపేషన్ ప్రొక్లమేషన్’ (బానిసల విముక్తి ప్రకటన) రాస్తూ ఒక ‘టి’ ఎక్కువ పెట్టాడు. చదివితే ‘ఎమాన్సిప్టేషన్’ అవుతుంది, తప్పన్నారు. నోటి జవాబుకూ ఇదే కొలత. 2018 జనవరి 1 ఆటలో ర్యాపర్ కూలియో పాట ‘గ్యాంగ్‌స్టాజ్ ప్యారడైజ్’ పేరును మిల్టన్ కావ్యం ‘ప్యారడైజ్ లాస్ట్’ పేరుతో కలిపి చెప్పాలి. పాటలో ఉన్నది ‘గ్యాంగ్‌స్టాజ్’, ఆటగాడు ‘గ్యాంగ్‌స్టర్స్ ప్యారడైజ్ లాస్ట్’ అన్నాడు. ముందు ఒప్పన్నారు, తర్వాత న్యాయనిర్ణేతలు ఆ ‘ర’ వినిపించిందని తీర్పు మార్చి 3,200 డాలర్లు వెనక్కి తీసుకున్నారు. క్లూ విలువ 1,600, ఇచ్చినదీ పోయె, తప్పుకు కోత అదనం. ప్రశ్న రూపం విషయంలో ఉన్న సడలింపు ధ్వని విషయంలో లేదన్నమాట.

తెలుగు లిపికి ఈ నియమాన్ని అన్వయిస్తే చిత్రంగా ఉంటుంది. మనకు రాత మారితే దాదాపు ఎప్పుడూ పలుకు మారుతుంది. ‘భాష’ను ‘బాష’ అని రాసినవాణ్ని ఏం చేయాలి? ధ్వని మారింది కాబట్టి కచ్చితంగా అయితే తప్పే. నోటితో మాత్రం సగం మంది అలాగే అంటారు, అప్పుడు ఏ న్యాయనిర్ణేతా ఆపడు.

మొగలిరేకు

ఇక తెలుగులో ‘వాట్ ఈజ్’ సంగతి. ‘అలాస్కా అంటే ఏమిటి?’ అని రాయడం నాకు నచ్చదు. ‘అంటే ఏమిటి’ మాటకు అర్థం అడుగుతుంది, నిఘంటువు తెరిచినట్టుంటుంది. ‘అలాస్కా ఏది?’ సరైనది, ఫలానాది ఏదో గుర్తుపట్టి చూపమంటుంది. మనుషులకు ‘జెఫర్సన్ ఎవరు?’ ఉండనే ఉంది. తెలుగుకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ‘ఈ భూభాగాన్ని కొన్నది’ అనే వాక్యాన్ని ‘రష్యా నుంచి అమెరికా కొన్న భూభాగం’ అని తిప్పితే చాలు, ‘అలాస్కా ఏది?’ అన్నదానికి అది నిఖార్సైన జవాబు. ఇంగ్లీషులో ‘దిస్’ వల్ల వచ్చిన అతకనితనం మనకు ‘కొన్న’ అనే ఒక్క మాటతో పోతుంది. క్లూలను అనువదించేటప్పుడు ఈ పద్ధతి పట్టుకుంటే ఆట అసలు ఉద్దేశం బయటపడుతుంది.

కలనేత

మొగలిరేకు గారి ‘ఏది’కి నా ఓటు. కానీ ఒక ఇబ్బంది చెప్పాలి. ఇంగ్లీషులో ప్రశ్నపదం ముందుంటుంది. ఆటగాడు బజర్ నొక్కాక చేతిలో ఉండేది 5 సెకన్లే. ‘వాట్… ఈజ్…’ అని సాగదీస్తూ ఆ వ్యవధిలో మాట వెతుక్కుంటాడు. నియమం అతనికి బరువు కాదు, ఊపిరి తీసుకునే చోటు. తెలుగులో మామూలు వరసలో ప్రశ్న తోకలో వస్తుంది. ముందే ‘అలాస్కా’ అనేశాక ‘ఏది?’ అని తగిలించాలి, అప్పటికే జవాబు తెలిసిపోయింది. ఆత్రంలో తోక మరవడం ఖాయం. ఫైనల్‌లో ఇంకా కష్టం, ముందే రాసుకోవడానికి ఏమీ ఉండదు, 30 సెకన్లు అయ్యేసరికి తెగేది ఆ తోకే. ‘ఏది అలాస్కా?’ అని తిప్పవచ్చు గానీ ‘ఎవరు జెఫర్సన్?’ అంటే నిలదీసినట్టు వినిపిస్తుంది.

తంగేడు

‘అలాస్కానా?’ అంటే సరిపోదా? ‘ఈజ్ ఇట్’ చెల్లుతుందన్నారుగా.

మొగలిరేకు

రూపం వరకు చెల్లాలి, ‘ఆ’ ప్రత్యయం చేర్చితే ప్రశ్నే. నాలుక తిరగడానికి ఇంతకన్నా పొట్టిది లేదు కూడా. కానీ ‘అలాస్కానా?’లో సందేహం వినిపిస్తుంది, ఆటగాడు ఊహించి చెబుతున్నట్టు ఉంటుంది. ‘వాట్ ఈజ్ అలాస్కా?’ను నెగ్గేవాళ్లు దించిన గొంతుతో, దాదాపు ప్రకటనలా చెబుతారు. ప్రశ్న రూపం, జవాబు స్వరం. ‘ఆ’తో ఆ స్వరం పట్టుబడదు.

మీ వ్యాసంలో నేనైతే సంభాషణలన్నిటా ‘వాట్ ఈజ్’, ‘హూ ఈజ్’ తెలుగు లిపిలో అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యం పెడతాను: ‘జవాబుకు ముందు ప్రశ్నపదం చేర్చాలి, అది వ్యాకరణానికి కుదరక్కర్లేదు, మొదటి రౌండులో మరిస్తే గుర్తుచేస్తారు, డైలీ డబుల్‌లోనూ రెండో రౌండు నుంచీ మరిస్తే డబ్బు పోతుంది.’

ఏకవాక్యం

ఆ వాక్యంలో ‘తీర్పు వచ్చేలోగా దిద్దుకోకపోతే’ అని కలపండి. అది లేకపోతే రెండో రౌండులో దిద్దుకుని గెలిచిన ఆటలు పాఠకుడికి అర్థం కావు.